వినకుండా, లేబుల్ పేరు చూసి కొనేసే రికార్డులు: మీ నమ్మకం ఎవరి మీద?

నల్లచక్రం:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా అరల్లోని రికార్డులన్నీ దించి మళ్ళీ సర్దుతున్నాను. ఇన్నాళ్ళూ కళాకారుల పేర్ల వరసలో ఉండేవి. ఈసారి లేబుళ్ళ వారీగా, అంటే వాటిని వేసిన కంపెనీల వారీగా పేర్చి చూశాను. చాలా లేబుళ్ళవి ఒకటీ అరా ఉంటే, నాలుగైదింటివి మాత్రం అరలకు అరలే నిండాయి. వాటిలో సగం రికార్డుల సంగతి ఏమిటంటే, కొన్ననాటికి ఆ వాయించినవాళ్ళ పేర్లు కూడా నాకు తెలియదు. లేబుల్ చూశాను, తీసుకున్నాను.

మీకూ అలాంటివి ఉండే ఉంటాయి. కళాకారుడు తెలిసి కొన్నవి వదిలేయండి, పాట ముందే విని కొన్నవీ వద్దు. లేబుల్ మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని కొన్నవి మాత్రమే చెప్పండి. ఎందుకు నమ్మారో కూడా రాయండి, ఊరికే పేర్ల జాబితా వద్దు.

చెవులపిల్లి:
నాకు ఆలోచించే పనే లేదు. బ్లూ నోట్.

1939లో న్యూయార్క్‌లో మొదలైంది. నడిపిన ఆల్ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవాళ్ళు, చిన్ననాటి స్నేహితులు. అమెరికా జాజ్ మీద ప్రాణం పెట్టుకున్నారు. వాళ్ళు చేసిన ఒక పని అప్పట్లో మిగతావాళ్ళు పెద్దగా చేయలేదు: రికార్డింగుకు ముందు రిహార్సల్స్ పెట్టి, వాటికి కూడా వాయిద్యకారులకు డబ్బిచ్చేవారు. అందుకే కొత్త కొత్త రాగాలు, చిక్కు లెక్కలున్న బాణీలు కూడా తడబాటు లేకుండా వినిపిస్తాయి. వచ్చామా, తెలిసిన పాట నాలుగు సార్లు వాయించామా, వెళ్ళామా అన్నట్టు ఉండదు.

ఇక రికార్డింగు రూడీ వాన్ గెల్డర్‌ది. పగలు కళ్ళద్దాల పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లోనే మైకులు పెట్టి రికార్డు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. అట్ట మీద ఫొటోలు వుల్ఫ్ తీసినవి, డిజైన్ ఎక్కువగా రీడ్ మైల్స్‌ది. నలుగురు మనుషులు, ఒకే రకం శ్రద్ధ. ఆ కాలపు రికార్డు ఎవరిదైనా నేను వెనకాముందూ చూడను.

టేపురీలు:
చెవులపిల్లి గారూ, "ఆ కాలపు" అని మీరే అన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది. ఏ బ్లూ నోట్? 1965లో కంపెనీని లిబర్టీ అనే ఇంకో రికార్డు కంపెనీకి అమ్మేశారు. 1967లో లయన్ తప్పుకున్నాడు. 1971లో వుల్ఫ్ పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు లేబుల్ దాదాపు మూతపడ్డట్టే ఉండి, 1985లో మళ్ళీ లేచింది. అట్ట మీద పేరు అదే. కానీ దాని వెనక చేతులు మారిపోయాయి. నా లెక్కలో లేబుల్‌ను నమ్మడం అనేది పొరపాటు మాట. మనం నమ్మేది ఫలానా ఏళ్ళలో అక్కడ పని చేసిన మనుషులను.

చెవులపిల్లి:
పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ చేతులు ఎక్కడిదాకా ఉన్నాయో రికార్డే చెప్తుంది కూడా.

పాట అయిపోయాక సూది తిరుగుతుందే, లేబుల్ కాగితానికీ చివరి గాడికీ మధ్య ఉన్న ఖాళీ నల్ల పట్టీ, దాన్ని దీపం కింద కొంచెం వాలుగా పట్టుకుని చూడండి. నేరుగా చూస్తే ఏమీ కనబడదు, వెలుతురు పక్కనుంచి పడాలి. ప్లాస్టిలైట్ అనే ఫ్యాక్టరీలో అచ్చయిన రికార్డయితే, చేత్తో గీసిన ఇంగ్లిషు పి అక్షరం లాంటి చిన్న గుర్తు కనిపిస్తుంది. అడ్డం తిరిగి ఉండటంతో అచ్చం మనిషి చెవిలా ఉంటుంది. సేకర్తలు దాన్ని "చెవి" అనే పిలుస్తారు. 1966 దాకా బ్లూ నోట్ రికార్డులు అక్కడే అచ్చయ్యాయి. చెవి ఉందంటే పాత యాజమాన్యం నాటి ప్రెస్సింగ్ (అచ్చు) అని దాదాపు ఖాయం.

అదే పట్టీలో వాన్ గెల్డర్ పేరు ఉంటుంది. మొదట్లో ఆర్‌వీజీ అని చేత్తో గీసేవాడు, తర్వాత ముద్ర వేశాడు. చెవి లేకపోయినా ఆ ముద్ర ఉంటే, ఆయన కట్ చేసిన లక్క పళ్ళెం (పాటను మొదట గాడిగా చెక్కే పళ్ళెం) నుంచి వచ్చిన అచ్చులతోనే లిబర్టీ వాళ్ళు వేశారని అర్థం. వినడానికి చాలాసార్లు తేడా ఏమీ ఉండదు. రెండూ లేకపోతే మాత్రం నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

శ్రుతిలయ:
నా ఓటు ఈసీఎంకి. 1969లో మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐషర్ మొదలుపెట్టాడు. మొదటి రికార్డు మాల్ వాల్డ్రన్ అనే పియానో కళాకారుడిది. అప్పటి నుంచి ఇప్పటి దాకా చాలా భాగం రికార్డుల వెనక నిర్మాతగా ఆ ఒక్క మనిషే ఉన్నాడు. టేపురీలు గారు చెప్పిన "చేతులు మారడం" ఇక్కడ యాభై ఏళ్ళు దాటినా జరగలేదు.

నేను ఎలా నమ్మానో చెప్తాను. 1994లో వచ్చిన అఫీషియం అనే రికార్డు వివరం ముందు కాగితం మీద చదివాను. హిలియర్డ్ ఎన్‌సెంబుల్ అని నలుగురు గాయకులు. వందల ఏళ్ళ నాటి చర్చి సంగీతం పాడుతుంటే, దాని మీద నార్వే సాక్సఫోన్ కళాకారుడు యాన్ గర్బారెక్ అప్పటికప్పుడు మనోధర్మంతో వాయిస్తాడట. చదవగానే అతుకుల బొంత అనిపించింది. వేరే ఏ లేబుల్ వేసినా పక్కన పెట్టేసేదాన్ని. ఐషర్ కదా, ఏదో కారణం లేకుండా వేయడని తీసుకున్నాను. ఆస్ట్రియా కొండల్లో ఒక మఠంలో రికార్డు చేశారు. ఆ గోడల మధ్య గొంతు ఆగాక కూడా నాదం గాల్లో నిలబడుతుంది, సాక్సఫోన్ ఆ మిగిలిన నాదంలోంచే పుట్టినట్టు వస్తుంది. నాకు ఆ పాత చర్చి సంగీతం తలుపు తెరిచింది ఆ ఒక్క కొనుగోలే. తర్వాత ఆ దారిలో ఎంత దూరం వెళ్ళానో చెప్తే పెద్ద కథ.

వాళ్ళ సీడీల్లో చాలావాటిలో సంగీతం మొదలయ్యే ముందు ఐదు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. కొత్తగా విన్నవాళ్ళు ప్లేయర్ పాడైందేమో అని టెన్షన్ పడతారు. నాకు మాత్రం అది తెర లేచే ముందు క్షణంలా ఉంటుంది.

మోనోమనిషి:
శ్రుతిలయ గారూ, ఈసీఎం మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఆ ప్రతిధ్వని అన్నిటికీ ఒకేలా పులిమినట్టు ఉంటుందని నాకు అనిపిస్తుంది. డ్రమ్స్ దెబ్బ దగ్గరగా తగలాలి. వాళ్ళ రికార్డుల్లో పక్క గదిలో వాయిస్తున్నట్టుంటుంది. ఒకే చెవి అన్నిటినీ వడగడితే ఇదీ నష్టమే కదా?

శ్రుతిలయ:
నష్టమే, కాదనను. కొన్ని రికార్డులకు అది నప్పలేదు. కానీ నచ్చకపోయిన వాటిలో కూడా ఒకడు కూర్చుని, విని, ఇలాగే ఉండాలని నిర్ణయించాడని తెలుస్తుంది. అశ్రద్ధ వల్ల పాడైనది నాకు ఇంతవరకు తగల్లేదు.

పాతసూది:
అందరూ శబ్దం గురించి మాట్లాడుతున్నారు. నా నమ్మకం ఇంకో రకం. ఫోక్‌వేస్.

మోజెస్ ఆష్ 1948లో స్థాపించాడు. ఆయన పోయేదాకా, అంటే 1986 దాకా, రెండు వేలకు పైగా రికార్డులు వేశాడు. జానపదాలు, పిల్లల పాటలు, కవుల గొంతులు, రైళ్ళ చప్పుళ్ళు. 1958లో ఉత్తర అమెరికా కప్పల అరుపులతో ఒక పూర్తి ఎల్‌పీ వేశాడు. పాటలు కాదు, కప్పలు. ఏ జాతి కప్ప ఎలా అరుస్తుందో ఒక శాస్త్రవేత్త చెప్తుంటాడు. ఇలాంటిది వేసే ధైర్యం ఎవరికుంటుంది?

శబ్దం గొప్పగా ఉంటుందని ఎవరూ అనరు. కొన్ని చోట్ల మైకు దగ్గర గాలి కొట్టడం వినిపిస్తుంది. కానీ నల్లటి గట్టి అట్ట, దాని మీద సగం దాకా చుట్టి అతికించిన కాగితం, లోపల ఒక పుస్తకం. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ సందర్భంలో, మాటల అర్థం ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. రికార్డు కొన్నట్టు ఉండదు, ఎవరో మనల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పరిచయం చేసినట్టుంటుంది.

ఇంకో మాట. ఆష్ ఏ రికార్డునూ "ఇది అమ్ముడుపోవడం లేదు" అని ఆపేయలేదు. 1987లో స్మిత్‌సోనియన్ సంస్థ ఈ సంపదను తీసుకున్నప్పుడు కూడా అదే షరతు: 2,168 రికార్డులూ ఎప్పటికీ దొరుకుతూ ఉండాలి. ఈరోజుకీ ఆ మాట నిలబెట్టుకుంటున్నారు. నాకు నమ్మకం అంటే అది. నేను చనిపోయాక ఎవరైనా ఆ కప్పల రికార్డు కావాలంటే దొరుకుతుంది.

నల్లచక్రం:
పాతసూది గారూ, మీ మాటలు చదువుతుంటే నేను వేసిన ప్రశ్నే సరిగ్గా లేదనిపిస్తోంది. నమ్మకం ఒక్కటి కాదు. అభిరుచి మీద నమ్మకం, శబ్దం మీద నమ్మకం, రికార్డుతో ఇచ్చే వివరాలు నిజాయితీగా ఉంటాయన్న నమ్మకం, మూడూ వేరు. ఒక లేబుల్‌కు మూడూ ఉండాలని లేదు.

టేపురీలు:
శబ్దం మీద నమ్మకం అన్నారు కాబట్టి, 2022 సంగతి రాయకుండా ఉండలేను. మొబైల్ ఫిడిలిటీ.

తెలియనివాళ్ళ కోసం: 1977 నుంచి పాత మాస్టర్ టేపులు, అంటే పాటల అసలు టేపులు తెచ్చి, శ్రద్ధగా మళ్ళీ కట్ చేసి రికార్డులు వేసే కంపెనీ. మాబోటి వాళ్ళు వాళ్ళవి వినకుండానే కొనేవాళ్ళం. వాళ్ళ ఖరీదైన వరసకు వన్-స్టెప్ అని పేరు. మామూలుగా లక్క పళ్ళెం నుంచి లోహపు అచ్చు తీసి, దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి చివరి స్టాంపర్ తీస్తారు. ఒక్కో మెట్టులో ఎంతో కొంత సూక్ష్మమైన శబ్దం అరుగుతుంది. వన్-స్టెప్‌లో మధ్య మెట్లు తీసేసి, లక్క నుంచి నేరుగా స్టాంపర్ తీస్తారు. అప్పుడు ఒక్క లక్కకు కొన్ని వందల కాపీలే వస్తాయి.

ఇంతలో మైకేల్ జాక్సన్ థ్రిల్లర్‌ను 40,000 కాపీలు వన్-స్టెప్‌లో వేస్తామని ప్రకటించారు. లెక్క తెలిసినవాళ్ళకు అక్కడే అనుమానం వచ్చింది. అన్ని కాపీలకు ఎన్ని లక్కలు కట్ చేయాలి, అన్నిసార్లు ఆ అసలు టేపు ఎవరు తిప్పనిస్తారు? 2022 జూలైలో కంపెనీ ఇంజనీర్లే కెమెరా ముందు ఒప్పుకున్నారు: కొన్నేళ్ళుగా చాలా రికార్డులకు టేపును ముందు డీఎస్‌డీ డిజిటల్ ఫైల్‌గా మార్చి, దాన్నుంచి కట్ చేస్తున్నారు. తర్వాత కోర్టు కేసు, పరిహారం.

నా దగ్గర వాళ్ళవి పదకొండు ఉన్నాయి. ఆ వీడియో చూసిన రాత్రి ఒక్కటీ పెట్టలేకపోయాను.

చెవులపిల్లి:
టేపురీలు అన్నా, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆ రాత్రికి ముందు రోజు అవే రికార్డులు మీకు అద్భుతంగా వినిపించాయి కదా? గాడులు మారలేదు. మరి ఏం మారింది?

టేపురీలు:
తప్పేముంది, నన్ను నేనూ అదే అడిగాను. శబ్దం ఇప్పటికీ అద్భుతమే. కొన్ని ఇప్పుడు మళ్ళీ వింటున్నాను కూడా. మారింది ఏమిటంటే, నేను కొన్నది శబ్దం ఒక్కటే కాదు. ఆ అసలు టేపు మీది సిగ్నల్ ఎక్కడా డిజిటల్ అంకెలుగా మారకుండా, అనలాగ్‌గానే నా సూది దాకా వచ్చిందనే మాటను కూడా కొన్నాను. ముందే "డీఎస్‌డీ నుంచి కట్ చేశాం" అని అట్ట మీద రాసి ఉంటే బహుశా కొనేవాణ్ణే. డిజిటల్ అయినందుకు బాధ లేదు. చెప్పకుండా ఉన్నందుకే బాధ.

మోనోమనిషి:
నాకు ఇంకో కోణం కనిపించింది. అన్నేళ్ళు ఏ చెవీ పట్టుకోలేకపోయింది. అనలాగ్ కాకపోతే వెంటనే తెలిసిపోతుందని చెప్పినవాళ్ళందరం ఒకసారి నిజాయితీగా ఆలోచించాల్సిన విషయం. నేను ఆలోచించాను. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను.

వేదిక నిర్వాహకుడు:
డిజిటల్, అనలాగ్ వాదానికి వేరే చర్చ ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ లేబుళ్ళ మీద నమ్మకం గురించే మాట్లాడుకుందాం.

కొత్తగాడి:
నమస్తే అండీ, సేకరణ మొదలుపెట్టి ఏడాదే అయింది. చాలా నేర్చుకుంటున్నాను. నాకు జరిగింది చెప్తాను, లేబుల్ పేరు చెప్పను.

1950ల చివరి నాటి ఒక జాజ్ రికార్డు కొత్త ప్రెస్సింగ్ కొన్నాను. బరువైన వినైల్, మెరిసే అట్ట, "రీమాస్టర్డ్" అని స్టిక్కర్. పెట్టగానే ఏదో తేడా కొట్టింది. డ్రమ్స్‌తో మోగే ఇత్తడి తాళాల చప్పుడు "ఛిస్స్" అని రావాల్సింది తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పగా ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట చివర, పియానో తీగ మోగి మెల్లగా చచ్చిపోయే చోట విన్నాను. దాని అడుగున సన్నగా, లయగా, తిరుగుతున్న పాత రికార్డు చిటపట. నా రికార్డు కొత్తది, శుభ్రంగా ఉంది. సూదిని పక్కకు తీసి మళ్ళీ పెట్టినా అదే చోట అదే చిటపట. అంటే వాళ్ళు టేపు నుంచి చేయలేదు, ఎవరిదో పాత ఎల్‌పీని ప్లేయర్ మీద పెట్టి దాన్నే రికార్డు చేసి, చప్పుడు తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో తుడిచి అచ్చేశారు. తుడిచినప్పుడు తాళాలు కూడా పోయాయి. ఇలాంటివి ముందే ఎలా పసిగట్టాలి?

టేపురీలు:
మీ చెవి మంచిది తమ్ముడూ, చాలామందికి ఇది తెలియకుండానే పోతుంది.

ముందు అవి ఎందుకు ఇన్ని వస్తున్నాయో తెలుసుకోండి. యూరప్‌లో రికార్డింగుల హక్కు ఒకప్పుడు 50 ఏళ్ళే. తర్వాత 70కి పెంచారు కానీ అప్పటికే గడువు తీరినవాటికి అది వర్తించలేదు. కాబట్టి 1962 చివరిదాకా విడుదలైనవి అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. జాజ్‌కు బంగారు కాలం సరిగ్గా అదే. చట్టం ప్రకారం తప్పు లేదు, కానీ హక్కు తీరినంత మాత్రాన టేపు చేతికి రాదు కదా. టేపు అసలు కంపెనీ బీరువాలోనే ఉంటుంది. ఆ లేబుళ్ళు సీడీ నుంచో పాత ఎల్‌పీ నుంచో చేసుకోవాల్సిందే.

చూడాల్సింది ఏమిటంటే, మాస్టరింగ్ ఎవరు చేశారో పేరు ఉందా? దేని నుంచి చేశారో సూటిగా ఉందా? "రీమాస్టర్డ్" అనే మాటకు ఏ అర్థమూ లేదు, "180 గ్రాములు" అనేది బరువు మాత్రమే. శ్రద్ధగా చేసినవాళ్ళు పేరు పెట్టుకోవడానికి వెనకాడరు. బ్లూ నోట్ వాళ్ళే 2019లో టోన్ పోయెట్ అనే వరస మొదలుపెట్టారు. జో హార్లీ పర్యవేక్షణ, కెవిన్ గ్రే కటింగ్. రనౌట్‌లో, అంటే చివరి గాడి తర్వాతి ఆ ఖాళీ పట్టీలో, కెవిన్ గ్రే పొడి అక్షరాలు ఉంటాయి, మీరే చూసుకోవచ్చు. చెవులపిల్లి గారు చెప్పిన పాత చెవి గుర్తు ఏ పని చేసేదో, ఇప్పుడు ఆ అక్షరాలు అదే పని చేస్తున్నాయి.

శ్రుతిలయ:
కొత్తగాడి గారూ, పాతవాటిని మళ్ళీ వేసే లేబుళ్ళలో నేను కళ్ళు మూసుకుని కొనేది న్యూమెరో గ్రూప్. 2003లో షికాగోలో మొదలైంది. వాళ్ళ మొదటి రికార్డు ఒహాయోలోని కొలంబస్‌లో నడిచిన క్యాప్‌సోల్ అనే చిన్న సోల్ (అమెరికా నల్లవారి సంగీత శైలి) లేబుల్ పాటలు. ఆ ఊరు దాటి ఎవరికీ పెద్దగా తెలియని పాటలవి. వాళ్ళు చేసే పని సగం పరిశోధనే. పాడినవాళ్ళను వెతికి పట్టుకుని, హక్కులు మాట్లాడుకుని, వాళ్ళ కథ రాయించి, పాత ఫొటోలు తెచ్చి వేస్తారు. అనలాగ్ ఆఫ్రికా కూడా అంతే. నడిపే సామీ బెన్ రెజెబ్ బెనిన్ లాంటి దేశాలకు స్వయంగా వెళ్ళి కళాకారులతో మాట్లాడి వస్తాడు. ఆ పుస్తకం చదువుతూ వింటే పాట ఇంకో రకంగా వినిపిస్తుంది.

పాతసూది:
అవును, పుస్తకం లేని పునర్ముద్రణ నాకు చిరునామా లేని ఉత్తరంలా ఉంటుంది.

గుండ్రాయి:
నమ్మకం అనే మాటకు అసలైన ఉదాహరణ ఎవరూ చెప్పలేదు. సబ్ పాప్ అనే లేబుల్ నడిపిన సింగిల్స్ క్లబ్. 1988లో పెట్టారు. ముందే చందా కట్టాలి, నెలనెలా ఒక చిన్న రికార్డు ఇంటికి వస్తుంది. ఎవరిదో ముందు తెలియదు. మొదటి నెల వచ్చింది ఎవరూ పేరు వినని ఒక బ్యాండ్ మొదటి సింగిల్, 1,000 కాపీలకు చేత్తో అంకెలు వేశారు. ఆ బ్యాండ్ తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన నిర్వాణా.

మోనోమనిషి:
నేను క్లాసికల్ వైపు నుంచి ఒకటి చెప్పి ఆపేస్తాను. హైపీరియన్. 1980లో లండన్‌లో టెడ్ పెర్రీ మొదలుపెట్టాడు. లేబుల్ నిలదొక్కుకునేదాకా టాక్సీ నడిపి ఆ డబ్బుతో రికార్డులు వేశాడు. హిల్డెగార్డ్ అనే పన్నెండో శతాబ్దపు సన్యాసిని కూర్చిన పాటలు వేస్తే ఎవరూ ఊహించనంతగా అమ్ముడయ్యాయి. ఆ బలంతో షూబర్ట్ అనే స్వరకర్త పాటలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, 37 డిస్కుల్లో పూర్తి చేశాడు. ఏళ్ళ తరబడి పట్టిన పని. పియానో అంతా గ్రాహం జాన్సన్‌దే, పాటల వివరణలు కూడా ఆయన రాసినవే. ఒక్కో డిస్కు పుస్తకం చదవడానికి ఒక సాయంత్రం పట్టేది.

2023లో హైపీరియన్ యూనివర్సల్ అనే పెద్ద సంగీత కంపెనీ చేతికి వెళ్ళింది. స్వీడన్‌లోని బిస్ లేబుల్ అదే ఏడాది ఆపిల్ చేతికి వెళ్ళింది. బిస్ నాకు రెండో ఇల్లు లాంటిది. వాళ్ళ కొన్ని డిస్కుల మీద "శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది, స్పీకర్లు జాగ్రత్త" అని హెచ్చరిక ఉండేది. చిన్న శబ్దాన్ని చిన్నగా, పెద్దదాన్ని పెద్దగా అలాగే ఉంచేవారు, నొక్కేసేవారు కాదు. రెండు వార్తలూ చదివి చాలా దిగులు పడ్డాను. మంచి కూడా జరిగింది, హైపీరియన్ పాతవన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా వినగలుగుతున్నారు. కానీ టాక్సీ నడిపి మరీ ఎవరికీ తెలియని పాటలు వేసే మొండితనం పెద్ద కంపెనీ లెక్కల పుస్తకంలో ఎంతకాలం ఉంటుందో అని భయం. కొత్తవి వచ్చినప్పుడు ఇప్పుడు నేను కూడా ముందు విని కొంటున్నాను.

నల్లచక్రం:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. శ్రుతిలయ గారూ, అఫీషియం తెప్పించాను. రాత్రి అందరూ పడుకున్నాక పెట్టాను. మీరు చెప్పిన నిశ్శబ్దం కోసం కాచుకుని కూర్చున్నాను. నాలుగు గొంతులు మొదలయ్యాక సాక్సఫోన్ ఎప్పుడు వచ్చిందో నిజంగా గుర్తుపట్టలేకపోయాను. ఐదో గొంతు అనుకున్నాను. రెండోసారి పెట్టి చూశాకే తెలిసింది.

చెవులపిల్లి గారూ, నా దగ్గరున్న ఒకే ఒక్క పాత బ్లూ నోట్ తీసి దీపం కింద వాలుగా పట్టి చూశాను. రెండు వైపులా వెతికాను. చెవి లేదు. కానీ వాన్ గెల్డర్ అని ముద్ర ఉంది, వేలితో తడిమితే తెలుస్తోంది. ఇన్నేళ్ళూ దాన్ని మామూలు కాపీ అనుకుని అర చివర పెట్టాను.

చెవులపిల్లి:
చివర్నుంచి తీసేయండి. ఈ రాత్రి రెండో వైపు పెట్టి, బేస్ మొదలయ్యే చోట ఎలా ఉందో రాయండి.